నీలం షామియానా కింద దేశ పరిచయం

జూలై ఏడో తారీఖు, టాంజానియాలో సబా సబా పండగ సెలవు. ఆ పొద్దున కిహ్వెలె మాస్టారు తిన్నది చల్లారిన చిలగడదుంప ఒకటి, తాగింది పాలు లేని టీ. పాలు లేక కాదు, ఉన్న పాలన్నీ మధ్యాహ్నం వచ్చే అతిథుల కోసం దాచారు. తర్వాత చాలా రోజుల పాటు ఆయన ఆ చిలగడదుంపను తలుచుకునేవారు, బతికుండగా తాను తిన్న ఆఖరి తిండి అదే అన్నట్టు.

జూలైలో ఇరింగా కొండమీద చలి ఎముకల్లోకి దూరుతుంది. మాస్టారు కోటు బొత్తాలు పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, వాకిట్లో నిలబడి గోడకు పాఠం చెబుతున్నారు.

"ప్రియమైన ప్రయాణికులారా! మా టాంజానియాకు ఎనిమిది దేశాలు ఇరుగుపొరుగు. తూర్పున మాత్రం సముద్రం..."

ఆయన భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఈ ప్రసంగాన్ని కొద్ది వారాలుగా పైకే చదువుతుండటంతో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకే కాదు, వాళ్ళ మేకలకు కూడా కంఠతా వచ్చేసింది. ఆయన పట్టుదలకు కారణం ఉంది. ఆ ఇంటికి ఆనుకుని మూడు గదుల విశ్రాంతి గృహం ఒకటుంది. ఆయన భార్య స్కొలాస్తికా ఇటుక ఇటుకా పోగేసి కట్టించింది. ఆమె పోయాక బాటసారులు కూడా ఆమెతోనే పోయినట్టు రావడం మానేశారు. ఆ గదుల్లో సిమెంటు బస్తాలు పెట్టుకుంటానని బావమరిది వెంటపడుతున్నాడు. రేపు జవాబు చెప్పాలి.

సరిగ్గా ఇలాంటప్పుడు అరూషా నుంచి అపైకుందా అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె ఒక యాత్రల సంస్థలో పనిచేస్తుంది. తమవాళ్ళను ఈ దేశానికి పంపవచ్చో లేదో చూసి పోవడానికి విదేశాల నుంచి వచ్చిన కొందరిని రువాహా అడవికి తీసుకువెళుతూ దారిలో ఇరింగాలో ఆపుతుందట. మాస్టారు వాళ్ళకు దేశం గురించి నాలుగు ముక్కలు చెప్పి, భోజనం పెట్టాలి. వాళ్ళకు నచ్చితే ఇక ప్రతి బృందమూ ఈ ఇంట్లోనే దిగుతుంది. నచ్చకపోతే ఈ గదులకు సిమెంటే గతి.

పాఠం సముద్రం దగ్గరకు వచ్చేసరికి అదే పేటలో ఉండే గామా గేటు తోసుకుని లోపలికొచ్చాడు. మంచి భారీ మనిషి. పెళ్ళిళ్ళకూ చావులకూ షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిస్తాడు. ఎవరినీ అడగకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళి, విందు కోసం కట్టేసి ఉన్న కోడిపుంజును విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"ఏంటి బావా అది?" మాస్టారు వెనకాలే వచ్చారు.

"మా కోడే బావా. మీ తాతలు మా తాతల్ని చూసి పరుగు లంకించుకున్నప్పుడు దారిలో వదిలేశారు చూడు, దాని మునిమనవడు ఇది. పోలికలు చూడు, ఇప్పటికీ పారిపోదామనే చూస్తోంది."

"మా తాతలు పరిగెత్తారా? మీ తాతలు పడేసిన డాళ్ళతో మేం కోళ్ళగూళ్ళు కట్టుకున్నాం!"

"అందుకే కోడి కూడా మాదే అంటున్నా," అని గామా దర్జాగా వెళ్ళిపోయాడు.

మాస్టారుది హేహే తెగ, గామాది ఎంగోని తెగ. ముత్తాతల కాలంలో ఆ రెండు తెగలూ ఈ కొండల మీద నరుక్కుని చచ్చాయి. ఆ పగ అరిగి అరిగి ఇప్పుడు వేళాకోళంగా మిగిలింది. దాన్ని ఉతాని అంటారు. ఈ బావా అన్న పిలుపూ అందులోదే, చుట్టరికం కాదు. మనకు బావామరదుల సరసం ఇంటివరకే. వీళ్ళకు అది తెగ మొత్తానికీ ఉంటుంది. ఎంగోని వాడు హేహే ఇంట్లో వస్తువు పట్టుకుపోవచ్చు, నోటికొచ్చింది అనవచ్చు. హేహే వాడికీ అదే హక్కు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. అందుచేత మాస్టారు కోడి పోయిన దిక్కుకేసి పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. లోపల మాత్రం విందు కుప్పకూలిపోయింది.

అయితే హక్కు అటూ ఇటూ ఉంటుంది కదా. అతిథులకు సరిపడా కుర్చీలు ఎలాగూ లేవు. కొండగాలికి అడ్డంగా ఏదైనా కట్టాలి కూడా. గామా కోడితో ఇంట్లోకి వెళ్ళిన సమయం చూసి, మాస్టారు ఒక తోపుడుబండి మాట్లాడుకుని అతని దొడ్లోకి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గుండిగ, కొట్టంలో మడతపెట్టి ఉన్న షామియానా ఎత్తించుకొచ్చేశారు. కొట్టంలో ఒక్క షామియానాయే ఉంది. పెళ్ళిళ్ళకిచ్చే చారల షామియానా సబా సబా సంబరాలకు పోయింది. మిగిలింది నీలం రంగుది.

నీలం షామియానా దేనికో ఇరింగాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మాస్టారుకూ తెలుసు. కానీ ఆ క్షణాన ఆయన బుర్ర నిండా ఎనిమిది దేశాలు, మూడు పెద్ద సరస్సులు, ఒక మంచుకొండ కిక్కిరిసి ఉన్నాయి. బండివాడి సాయంతో గుంజలు పాతి, షామియానా కట్టి, కింద వరుసగా కుర్చీలు వేసి, వెనక్కి జరిగి చూసుకుని, స్కొలాస్తికా ఉంటే మెచ్చుకునేదని అనుకున్నారు.

గేటు దగ్గర గామా నిలబడి ఉన్నాడు. తన షామియానాను చూశాడు. తన కుర్చీలను చూశాడు. అతని ముఖం పండగలా వెలిగిపోయింది. వెంటనే రోడ్డువైపు తిరిగి గేటు ముందు చతికిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఓరి కిహ్వెలె బావోయ్! ఎంత పని చేశావురోయ్! ఆ పాడు ప్రసంగం పూర్తి చెయ్యకుండానే మమ్మల్ని వదిలేశావా!"

"గామా! లే! రోడ్డు మీద జనం చూస్తున్నారు!"

"చావు ఇళ్ళకు కట్టే నీలం గుడ్డ కట్టింది నువ్వు. దాని కింద ఏడవడం నా వృత్తి. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం," అని గామా గొంతు ఇంకాస్త పెంచాడు.

హేహే ఇంట్లో ఎవరైనా పోతే ఎంగోని వాళ్ళొచ్చి పోయినవాళ్ళను వెక్కిరిస్తూ ఏడవడం రివాజు. ఏడుపులో వెక్కిరింత ఎంత ఎక్కువుంటే చావు అంత నిజమని లెక్క. పైగా సెలవురోజు. అందరూ ఇళ్ళలోనే ఉన్నారు.

మొదట వచ్చింది వెనకవీధి సబీనా. నెత్తిన కట్టెల మోపు, చేతిలో మొక్కజొన్న పిండి. వెనక ఆడవాళ్ళు బారుగా వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. చావు ఇంటికి వచ్చి పోయిందెవరని అడిగే మోటు మనుషులు ఆ పేటలో లేరు. "పోలే మాస్టారూ" అని తమ భాషలో సానుభూతి చెబుతూ ఒక్కొక్కరూ చెయ్యి పట్టుకుని ఓదార్చి, చాప పరుచుకుని కూర్చున్నారు.

"సబీనమ్మా, ఎవరూ పోలేదు. నేను అతిథుల కోసం కట్టించాను," అన్నారు మాస్టారు.

"వస్తారు నాయనా, అందరూ వస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసమేగా ఇంత పిండి తెచ్చింది."

"అది కాదమ్మా. నిజంగానే ఎవరూ..."

సబీనా పక్కనున్న ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పాపం, స్కొలాస్తికా పోయినప్పుడు కూడా ఇలాగే, టీ రెండు కప్పుల్లో పోసేవాడు."

మాస్టారు కాదనకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అది నిజం కాబట్టి.

తర్వాత ముసలి న్యెంజా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మాస్టారును చూసి ఉలిక్కిపడ్డాడు.

"నువ్వే పోయావని చెప్పారే!"

"లేదు తాతా, ఉన్నాను."

"దేవుడు దయామయుడు. మరి పోయిందెవరు?"

"ఎవరూ పోలేదు."

"అవునయ్యా, మొదటి రోజు అలాగే అనిపిస్తుంది," అని న్యెంజా భుజం తట్టి, నీడపట్టున మంచి కుర్చీ చూసుకున్నాడు.

అలా పేట రెండుగా చీలింది. మాస్టారును కళ్ళారా చూసినవాళ్ళు మఫింగాలో ఉన్న ఆయన అక్క పోయి ఉంటుందనుకున్నారు. ఇంకా చూడనివాళ్ళు, గామా ఏడుపు విన్నవాళ్ళు, మాస్టారే పోయారనుకున్నారు. వంట మాత్రం రెండు పక్షాలకూ ఒక్కటే. గుండిగలో ఎర్ర చిక్కుడు గింజలు కుతకుతలాడుతున్నాయి. షామియానా విప్పేద్దామని మాస్టారు గుంజ మీద చెయ్యి వేస్తే సబీనా గరిటె ఎత్తింది.

"ఏం పని అది? పొయ్యి మీద గింజలున్నాయి. ఉడికేదాకా ఈ గుడ్డ కదలదు, నేనూ కదలను."

గింజలు ఉడకడం అంటే ఏమిటో మాస్టారుకు తెలుసు. కొండమీద అవి మనిషి సహనం మొత్తం అయిపోయాక గానీ మెత్తబడవు. ఆయన కుర్చీలో కూలబడ్డారు. బావమరిది సిమెంటు బస్తాలు స్కొలాస్తికా గదుల్లోకి ఒక్కొక్కటే నడిచి వెళుతున్నట్టు కళ్ళకు కట్టింది.

అప్పుడే దుమ్ము లేపుకుంటూ యాత్రల బండి వచ్చి ఆగింది.

ముందు అపైకుందా దిగింది. నీలం షామియానా కనబడగానే మెడలోని ఎర్ర రుమాలు లాగి సంచీలో కుక్కేసింది. గేటు దగ్గర నిలబడ్డ ఆడమనిషి మాస్టారును ఇంకా చూడని పక్షంలోది.

"ఎవరమ్మా?" అంది అపైకుందా మెల్లగా. బయటి ఊరిది కాబట్టి అడగగలిగింది.

"ఇంకెవరు తల్లీ, మాస్టారే. పొద్దున కూడా పాఠం చెబుతూనే ఉన్నాడు."

అపైకుందా బండి దగ్గరకు వెళ్ళి లోపలివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పింది. లోపల టోపీలన్నీ ఒకేసారి దిగాయి. మాస్టారు పరుగున ఎదురెళ్ళారు.

"రామ్మా, రా! నేనే కిహ్వెలెని!"

ఆమె ఆయన్ను ఫోన్లో వినడమే గానీ ఎన్నడూ చూడలేదు. తెల్లారకముందు నుంచి గోడకు పాఠం చెప్పిన గొంతు ఇప్పుడు కీచుమంటోంది. ఆమె రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది. "తమ్ముడుగారా? పోలే బాబాయ్. నిన్ననే మాస్టారుతో మాట్లాడాను, ఎంత హుషారుగా ఉన్నారో."

"తమ్ముణ్ణి కాదమ్మా, నేను..."

ఆ మాట షామియానా కింద లేచిన పెద్ద నవ్వులో మునిగిపోయింది.

గామా ఇంట్లోంచి బయటికి వస్తున్నాడు. ఒంటిమీద మాస్టారు కోటు. చలి తగ్గాక కుర్చీకి తగిలించింది, ఎప్పుడు కొట్టేశాడో. బొత్తాలు పొట్టకు జానెడు దూరంలో ఉండిపోయాయి. ముక్కు చివర మాస్టారు పాత కళ్ళద్దాలు. చేతిలో సుద్దముక్క. పోయినవాణ్ణి అనుకరించి చూపడం ఉతానిలో అసలు ఘట్టం. ఆ హక్కు ఎవరూ కాదనలేరు. పోయినవాడితో సహా.

గామా కళ్ళద్దాలు తీసి తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ చూశాడు. అచ్చం మాస్టారే. న్యెంజా అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వలేక.

"ప్రియమైన ప్రయాణికులారా! వెనక వరుస, మాటలాపండి! మా దేశానికి ఎనిమిది దేశాలు ఇరుగుపొరుగు. ఎనిమిదింట్లో ఒక్కరూ తీసుకెళ్ళిన గిన్నె తిరిగి ఇచ్చింది లేదు. ఏవి, పేర్లు చెప్పండి!"

షామియానా కింద సగం మంది మాస్టారు చేత గోడకుర్చీ వేయించుకున్నవాళ్ళే. పాత భయం కొద్దీ అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. "కెన్యా! ఉగాండా! రువాండా!"

"కెన్యా అన్నారు. బాగుంది. కిలిమంజారో మంచుకొండ మాది. ఫొటో మాత్రం వాళ్ళది. తర్వాత కాంగో, జాంబియా..."

"బురుండీ!" అని వెనకనుంచి మాస్టారు అరిచారు. ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. జీవితంలో ఎవరూ ఆయన ముందు బురుండీని వదిలేసి బతికి బట్టకట్టలేదు.

"చూశారా, ఆ కుటుంబమంతా అంతే," అన్నాడు గామా ప్రయాణికులతో జాలిగా. జనం పగలబడి నవ్వారు.

అపైకుందా ఒక్కొక్క ముక్కా మార్చి చెబుతోంది. మొదట ప్రయాణికులు కొయ్యబారిపోయారు. చావు ఇంట్లో ఈ నవ్వులేమిటని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో గున్‌హిల్డ్ అని నార్వే నుంచి వచ్చిన పెద్దావిడ, చేతికర్ర మీద గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఇక మా సింహాల సంగతి. మర్యాద ఎక్కువ. మిమ్మల్ని తినేముందు క్షేమమా అని అడుగుతాయి. ఇంట్లో క్షేమమా, పిల్లలు క్షేమమా, పశువులు క్షేమమా, పంట ఎలా ఉంది అని అడుగుతాయి. ఒక్కదానికీ సమాధానం చెప్పకుండా వదలవు. తెలివైన ప్రయాణికుడు పశువుల దగ్గరికి వచ్చేసరికి చెట్టెక్కేస్తాడు."

గున్‌హిల్డ్ గట్టిగా నవ్వింది. నవ్వి, నోరు చేత్తో మూసుకుంది. చుట్టూ చూసింది. ఎవరూ తప్పు పట్టలేదు. సబీనా గరిటె తొడకేసి కొట్టుకుంటూ నవ్వుతోంది. పెద్దావిడ చెయ్యి తీసేసింది.

మాస్టారు గుంజకు ఆనుకుని తన పాఠం తానే విన్నారు. నిజం చెప్పాలంటే పాఠం బాగుంది. తాను గోడకు చెప్పినప్పటికంటే బాగుంది. స్కొలాస్తికా దినాల్లో కూడా గామా ఇలాగే వంటింట్లోంచి ఆమె ఏప్రన్ కట్టుకుని బయటికొచ్చాడు. చేతిలో ఆమె గరిటె. "చెప్పులు గుమ్మం బయట! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నేను పోయానని ఇష్టారాజ్యం అనుకున్నావా?" అని అచ్చం ఆమె గొంతుతో గద్దించాడు. మూడు రోజులుగా బండరాయిలా కూర్చున్న మనిషి అప్పుడు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టింది. అందుకు గామాకు ఆయన ఇంతవరకూ కృతజ్ఞత చెప్పలేదు. ఉతానిలో కృతజ్ఞత చెప్పే వీలు లేదు.

గింజలు ఉడికాయి. కోడి లేదు గనక అందరికీ అదే, సంకటి, గింజల కూర. ప్రయాణికులు చాపల మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుని, సబీనా చూపించినట్టు సంకటి ముద్దకు బొటనవేలితో గుంట చేసి కూర అద్దుకుని తిన్నారు. అతిథుల టీలో పోయాల్సిన పాలు ఎవరి పిల్లలో తాగేశారు. తన చుట్టూ ఒక్కొక్కటే కూలుతుంటే మాస్టారు లెక్కపెట్టుకోవడం కూడా మానేశారు.

బండెక్కే ముందు అపైకుందా ఆయన్ను పక్కకు పిలిచింది. మాస్టారు ధైర్యం కూడగట్టుకున్నారు.

"అమ్మాయ్, క్షమించు. ఈ గందరగోళమంతా..."

"బాబాయ్, వాళ్ళకు ఎంతో నచ్చింది! ఆ పెద్దావిడ భర్త పోయి రెండేళ్ళట. వాళ్ళ ఊళ్ళో అందరూ ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడతారట, ఒక్కరూ నవ్వించరట. తనవాళ్ళందరినీ ఇక్కడికే పంపుతానంది. మా సంస్థకు కూడా ఫోన్ చేసేశాను. నెలకో బృందం, మీ గదుల్లోనే బస."

మాస్టారు గదుల వైపు తిరిగి చూశారు. ఇటుక ఇటుకా పోగేసిన గదులు నిలబడ్డాయి.

"ఒక్కటే షరతు," అంది అపైకుందా. "ఏమీ మార్చకూడదు. ఇదే నీలం షామియానా, ఇవే గింజలు, పాఠం ఆ లావుపాటాయనే చెప్పాలి. పోయిన మాస్టారి జ్ఞాపకార్థం."

"అమ్మా, ఇటు చూడు. నా మాట విను. ఆ మాస్టారు బతికే ఉన్నాడు."

అపైకుందా కళ్ళు చెమర్చాయి. "అవును బాబాయ్. మీ అందరిలో బతికే ఉన్నారు."

మాస్టారు నోరు తెరిచారు. గేటు పక్కన స్కొలాస్తికా తన చేత్తో రంగు వేసిన బోర్డు కనబడింది, అక్షరాలు కాస్త వంకర. అతిథులకు స్వాగతం అని దాని మీద ఉంది. గున్‌హిల్డ్ బండి కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది, ముఖం ఇంకా నవ్వు తడితోనే ఉంది. ఇప్పుడు తాను బతికే ఉన్నానని నమ్మిస్తే ఆ నవ్వు, ఈ గదులు, రెండూ పోతాయి. ఆయన కూడా చెయ్యి ఊపారు. బండి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేసరికి పేటకు సంగతి తెలిసిపోయింది. అబద్ధపు చావుకు తిన్న సంకటి అరగడానికి అందరూ ఇంకోసారి నవ్వి, చాపలు చుట్టుకుని వెళ్ళారు. న్యెంజా మాత్రం వెళుతూ వెళుతూ మళ్ళీ భుజం తట్టాడు. "ధైర్యంగా ఉండు," అన్నాడు.

గామా చివర మిగిలాడు. ఇంటికి వెళ్ళి, చంకలో కోడిపుంజుతో తిరిగొచ్చి పెరట్లో కట్టేశాడు.

"కొయ్యలేదా?"

"ఈ ఇంట్లో ఒక్క ప్రాణమైనా బతికున్నట్టు ఉండాలిగా బావా."

"నెలనెలా నేను చావాలటరా."

"నువ్వేం చెయ్యాలి? ఊరికే వెనక వరుసలో కూర్చోవాలి. ఏడ్చేదీ నేనే, పాఠం చెప్పేదీ నేనే. హేహే వాళ్ళకు ఎప్పుడూ సులువు పనే దొరుకుతుంది."

"బురుండీ మర్చిపోకు."

"కావాలనే వదిలా. లేకపోతే నువ్వు నోరు విప్పవు," అన్నాడు గామా. కాసేపు కోటు చేతులు సవరించుకున్నాడు. "ఇది నా దగ్గరే ఉండనీ. వేదిక మీద కావాలి."

"చలి పెడుతోంది, ఇటివ్వు."

"పోయినవాళ్ళకు చలేమిటి బావా," అంటూ గామా కోటుతోనే వెళ్ళిపోయాడు. గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, మాస్టారు లోపలికి వెళ్ళారో లేదో అని.

మాస్టారు చెప్పులు గుమ్మం బయట విడిచారు. లోపలికి వచ్చి, టీ ఒక్క కప్పులోనే పోసుకున్నారు. తాగి, లేచి, తలుపు మెల్లగా, గడియ కూడా వినబడకుండా మూశారు. పోయినవాళ్ళ ఇంట్లో చీకటిపడ్డాక తలుపు చప్పుడైతే ఇరుగుపొరుగు జడుసుకుంటారు.